ఒకేసారి నొక్కితే ఒక్కసారే ఆగాలి

నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు మార్గం టెక్కలి, పాతపట్నం దాటాక పర్లాకిమిడి దగ్గర ఒడిశాలోకి వస్తుంది. పర్లాకిమిడి సంస్థానం వేయించిన ఆ చిన్న రైలు 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా నడిచింది. ఇప్పుడు అది బ్రాడ్‌గేజ్ లైను. గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇంట్లో ఒక పిల్లవాడు కంప్యూటర్‌లో మొదటి ఆట తయారుచేయాలనుకుంటే ఇంతకంటే మంచి వస్తువు దొరకడం కష్టం. కుడి బాణం నొక్కితే వేగం పెరుగుతుంది, ఎడమ బాణం నొక్కితే బ్రేకు పడుతుంది, స్పేస్‌బార్ నొక్కితే కూత. గేటు తీసి ఉంటే ఆగాలి, స్టేషను వస్తే ఆగాలి. ఇంతవరకు రెండు సాయంత్రాల పని.

మూడో సాయంత్రం పాజ్ దగ్గర చిక్కు వస్తుంది. ఆట మధ్యలో అమ్మ అన్నానికి పిలుస్తుంది, రైలును ఉన్నచోటే ఆపాలి. ఒక్క కీతో ఆపవచ్చు. కానీ ఒకే కీబోర్డు ముందు అక్క రైలు నడుపుతూ తమ్ముడు కూత వేస్తుంటే ఎవరి చెయ్యో తగిలి ఆట ఊరికే ఆగిపోతుంటుంది. అందుకని రెండు కీలు కలిపి నొక్కితేనే ఆగాలని పెట్టుకుంటారు. ఉదాహరణకు షిఫ్ట్, ఎంటర్. ఆలోచన మంచిదే. ప్రోగ్రామ్‌లో రాసేది కూడా చూడటానికి సరిగ్గానే ఉంటుంది: షిఫ్ట్ నొక్కి, ఎంటర్ కూడా నొక్కితే ఆట ఆపు, మళ్లీ రెండూ నొక్కితే నడిపించు. తీరా ఆడి చూస్తే ఒకసారి ఆగుతుంది, ఒకసారి ఆగదు, ఒక్కోసారి ఆగీ ఆగగానే కదిలిపోతుంది.

చిక్కంతా రెండు తెలుగు మాటల్లో ఉంది. ఒకటి ‘ఒకేసారి’, రెండోది ‘ఒక్కసారి’. కీలు రెండూ ఒకేసారి నొక్కారని గుర్తించాలి. గుర్తించాక ఆపడమనే పని ఒక్కసారే జరగాలి. ఈ రెండూ వేరువేరు సమస్యలు. కలిపి ఆలోచిస్తే రెండూ తేలవు.

మొదటి మాట సంగతి. కీబోర్డు లెక్కలో ‘ఒకేసారి’ అనేది లేదు. లోపల తీగలు అడ్డంగా, నిలువుగా గళ్ల నేతలా ఉంటాయి. ప్రతి కీ ఒక అడ్డతీగ, ఒక నిలువుతీగ కలిసే చోట కూర్చుంటుంది. లోపలి చిన్న చిప్ ఒక్కో తీగకు వరసగా కరెంటు పంపుతూ ఏ గడి దగ్గర తీగలు కలిశాయో చూసుకుంటూ పోతుంది. ఒక చుట్టు పూర్తయ్యాక మళ్లీ మొదటికొస్తుంది. నొక్కిన కీలో లోహపు స్పర్శ వెంటనే కుదురుకోదు, కొన్ని మిల్లీసెకన్లపాటు తగిలి విడిపోతూ అదురుతుంది. అది అదురో, నిజమైన నొక్కుడో తేల్చుకోవడానికి చిప్ కాసేపు ఆగుతుంది. ఆ తర్వాత యూఎస్‌బీ తీగలో కబురు పంపుతుంది. మామూలు కీబోర్డును కంప్యూటర్ సాధారణంగా 8 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరిస్తుంది, అంటే సెకనుకు 125 సార్లు. రెండు వేళ్లూ ఆ 8 మిల్లీసెకన్లలోపే పడితే రెండు కీల సంగతీ ఒకే కబురులో వస్తుంది. అప్పుడు కూడా ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని విడదీసి ముందు ఒకటి, తర్వాత ఒకటిగానే ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. మనిషి వేళ్లు మాత్రం అంత కచ్చితంగా ఎప్పుడూ పడవు. ఎంత కలిపి నొక్కామనుకున్నా ఒకటి ముందు, ఒకటి వెనక.

కాబట్టి ‘షిఫ్ట్ నొక్కారు’ అనే వార్త, ‘ఎంటర్ నొక్కారు’ అనే వార్త ఒకే క్షణంలో వస్తాయని కాచుకు కూర్చున్న ప్రోగ్రామ్‌కు ఆ క్షణం ఎప్పటికీ రాదు. ఇక్కడ తెలుగు క్రియ ఉన్నదున్నట్టుగా సాయపడుతుంది. ‘నొక్కాడు’ వేరు, ‘నొక్కి ఉంచాడు’ వేరు. ‘తలుపు తీశారు’ అన్నది జరిగిన పని, ‘తలుపు తీసి ఉంది’ అన్నది ఇప్పటి పరిస్థితి. ప్రోగ్రామర్లు కీడౌన్, కీఅప్ అనే వాటితో వచ్చేది జరిగిన పని. పాజ్‌కు కావలసింది పరిస్థితి. షిఫ్ట్ నొక్కి ఉండగా, ఎంటర్ కూడా నొక్కి ఉందా? అడగవలసిన ప్రశ్న అది. పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ, జనం మాట్లాడే భాషలోనే చదువు సాగాలని వాదించిన గిడుగు రామమూర్తి పంతులును ఇక్కడ తలుచుకోవాలి. ఈ తేడాకు కొత్త పారిభాషిక పదం అక్కర్లేదు, వంటింట్లో వాడే క్రియలే చాలు.

పరిస్థితి తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క రాసుకోవాలి. ప్రోగ్రామ్‌లో ఒక జాబితా పెట్టుకుని, కీ కిందికి వెళ్లిన వార్త రాగానే దాని పేరు చేర్చడం, పైకి లేచిన వార్త రాగానే పేరు తీసేయడం. ఏ క్షణాన చూసినా ఆ జాబితాలో ఉన్నవే ఇప్పుడు నొక్కి ఉన్న కీలు. అందులో షిఫ్ట్, ఎంటర్ రెండూ కనిపిస్తే చాలు. ఏది ముందు పడిందన్న గొడవ లేదు, మధ్య ఎన్ని మిల్లీసెకన్ల తేడా అన్న గొడవా లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆటలు రాయడానికి ఉన్న పైగేమ్ అనే లైబ్రరీ వాడితే ఈ జాబితాను అదే ఉంచుతుంది, అడిగితే చెబుతుంది. రంగు ముక్కలు జోడించి ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్‌లో ‘ఈ కీ నొక్కి ఉందా’ అని అడిగే ముక్కలు రెంటిని ‘మరియు’ ముక్కలో పెడితే అదే పని జరుగుతుంది. స్క్రాచ్ కీల జాబితాలో బాణాలు, స్పేసు, అక్షరాలు, అంకెలు ఉంటాయి గానీ షిఫ్ట్ ఉండదు. అక్కడ క్యూ, పీ లాంటి దూరందూరంగా ఉన్న రెండు అక్షరాలు తీసుకోవాలి.

రైల్వేలో ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. ఒకే లైను మీద రెండు వైపుల నుంచీ బండ్లు నడిచేచోట ఎదురెదురుగా రాకుండా టోకెన్ పద్ధతి పెట్టారు. టోకెన్ అంటే ఆ లైనులోకి వెళ్లడానికి అనుమతిగా డ్రైవరుకు ఇచ్చే గుర్తు. రెండు స్టేషన్లలోని యంత్రాలకూ తీగ సంబంధం ఉంటుంది. ఇటు స్టేషన్ మాస్టర్ టోకెన్ బయటికి తీయాలంటే అటు స్టేషన్ మాస్టర్ తన యంత్రం మీది బటన్ నొక్కి పట్టుకుని ఉండాలి. ఇద్దరూ గడియారం చూసుకుని ఒకే సెకనులో నొక్కనక్కర్లేదు. ఒకరు పట్టుకుని ఉన్నంతసేపట్లో రెండోవారు తమ పని చేస్తే చాలు. రైలు ఆటకు పాజ్ రాసే పిల్లవాడికి ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ లేదు.

ఇక ‘ఒక్కసారి’. అసలు కష్టం ఇక్కడుంది, చాలామంది తప్పిపోయేదీ ఇక్కడే. ఆట అంటే లోపల గిరగిరా తిరిగే ఒక చుట్టు. మామూలుగా సెకనుకు 60 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి చుట్టులోనూ ‘రెండు కీలూ నొక్కి ఉన్నాయా’ అని అడిగి, ఉంటే ‘ఆగి ఉంటే నడిపించు, నడుస్తుంటే ఆపు’ అని రాశారనుకుందాం. మనిషి కీలను అర సెకను నొక్కి ఉంచాడు. ఆ అర సెకనులో 30 చుట్లు. ఆపు, నడుపు, ఆపు, నడుపు అంటూ 30 సార్లు తిరగబడుతుంది. 30 సరిసంఖ్య కాబట్టి చివరికి రైలు నడుస్తూనే ఉంటుంది. ఇంకొక్క చుట్టు ఎక్కువసేపు నొక్కి ఉంటే 31, బేసి. రైలు ఆగుతుంది. పిల్లలు గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని ఆడే సరి–బేసి ఆటే ఇది. ‘ఒకసారి పనిచేస్తోంది, ఒకసారి పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే. కీబోర్డు పాడైందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు.

మందు చిన్నదే. కిందటి చుట్టులో పరిస్థితి ఏమిటో గుర్తుంచుకోవాలి. కిందటి చుట్టులో రెండూ కలిసి నొక్కి లేవు, ఈ చుట్టులో ఉన్నాయి. అలా లేనిది ఉన్నదిగా మారిన ఆ ఒక్క చుట్టులోనే పాజ్‌ను మార్చాలి. తర్వాత ఎంతసేపు నొక్కి ఉంచినా ఏమీ చేయకూడదు. వేళ్లు తీసి మళ్లీ నొక్కితేనే రెండో మార్పు. దీనికి ‘ఇంతకుముందు కలిసి ఉన్నాయా’ అనే ఒక్క వేరియబుల్, అంటే ప్రోగ్రామ్ విలువ రాసిపెట్టుకునే చోటు, చాలు. చుట్టు చివర ఇప్పటి పరిస్థితిని అందులో రాసిపెట్టాలి. ఈ రాసిపెట్టడం మరిచిపోయేవాళ్లు చాలామంది, పాజ్ మార్చిన చోట మాత్రమే రాసి మిగతా చుట్లలో వదిలేసేవాళ్లూ ఉన్నారు. ప్రతి చుట్టులోనూ రాయాలి. స్క్రాచ్‌లో అయితే మార్చిన వెంటనే ‘ఆ రెండూ కలిసి నొక్కి ఉండటం పోయేదాకా ఆగు’ అనే ముక్క పెడితే అదే ఫలితం వస్తుంది. అయితే ఆ ముక్క రైలును నడిపే స్క్రిప్టులో (ముక్కల వరసలో) ఉండకూడదు, పాజ్ కోసం వేరే స్క్రిప్టు ఉండాలి. స్క్రాచ్‌లో ‘అన్నీ ఆపు’ అన్నది పాజ్ కాదు, ఆటనే ముగించేస్తుంది. ‘ఆగింది’ అనే వేరియబుల్ ఒకటి పెట్టి, కదిలే ప్రతి బొమ్మా కదిలే ముందు దాన్ని చూసుకునేలా రాయాలి.

చుట్టు చుట్టుకూ అడగకుండా వార్త రాగానే పనిచేసే పద్ధతిలోనూ ఇదే ముప్పు ఇంకో రూపంలో వస్తుంది. కీని నొక్కి ఉంచితే ఆపరేటింగ్ సిస్టమ్ ‘నొక్కారు, నొక్కారు’ అంటూ అదే వార్తను తిరిగి తిరిగి పంపుతుంది. ఉత్తరం రాసేటప్పుడు ఒకే అక్షరం వరసగా పడేది దీనివల్లే. విండోస్‌లో సెట్టింగును బట్టి పావు సెకను నుంచి ఒక సెకను దాకా ఆగి, ఆపైన సెకనుకు గరిష్ఠంగా 30 సార్ల వరకు పంపుతుంది. బ్రౌజర్‌లో ఆడే ఆటల్లో ఇలా తిరిగి వచ్చిన వార్తకు రిపీట్ అనే గుర్తు ఉంటుంది, అది కనిపిస్తే వదిలేయాలి. పైగేమ్‌లో ఈ తిరిగి పంపడం మనం కోరితే తప్ప జరగదు.

ఇంకా పొట్టి దారి ఒకటుంది. ఎంటర్ నొక్కిన వార్త వచ్చినప్పుడు దాంతోపాటే ‘ఆ సమయంలో షిఫ్ట్ నొక్కి ఉంది’ అనే గుర్తు కూడా వస్తుంది. జాబితా ఏదీ లేకుండా ఆ గుర్తు చూసి పాజ్ మార్చవచ్చు. ముందు ఎంటర్, తర్వాత షిఫ్ట్ నొక్కితే ఇది పట్టుకోదు. అయినా షిఫ్ట్‌ను ముందు నొక్కడం టైపింగ్ తెలిసిన ప్రతి చేతికీ అలవాటే కనుక చిన్న ఆటకు ఈ దారి తప్పేమీ కాదు. రెండు మామూలు అక్షరాలు కలపాలంటే మాత్రం జాబితా తప్పదు.

జాబితాకు ఒక రోగం ఉంది. కీ పైకి లేచిన వార్త రాకపోతే దాని పేరు జాబితాలో అలాగే ఉండిపోతుంది. అలా ఎందుకు జరుగుతుంది? ఎంటర్ నొక్కి ఉండగానే ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి వేరే కిటికీకి వెళ్లారు. వేలు అక్కడ లేచింది. ఆ వార్త ఆ కిటికీకే చేరింది, ఆటకు కాదు. తిరిగొచ్చాక ఆట దృష్టిలో ఎంటర్ ఇంకా నొక్కే ఉంది, షిఫ్ట్ ఒక్కటి తగిలితే చాలు, రైలు ఆగిపోతుంది. యాపిల్ కంప్యూటర్లలో కమాండ్ కీ పట్టుకుని ఉండగా వదిలిన మామూలు కీల వార్త బ్రౌజర్ ఆటలకు అందదు, అదీ ఇలాంటిదే. ఆట కిటికీ వెనక్కి వెళ్లిన వెంటనే జాబితా మొత్తం తుడిచేయడమే దీనికి దారి. అదే చోట ఆటను కూడా పాజ్ చేస్తే ఇంకా మంచిది. వేరే కిటికీలోకి వెళ్లినవాడు ఎలాగూ రైలు నడపడం లేదు.

ఏ రెండు కీలు ఎంచుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సరిహద్దు జిల్లాల్లో అది కాస్త పెద్ద విషయమే. ఇక్కడి కంప్యూటర్లలో ఇంగ్లీషుతోపాటు ఒడియా, తెలుగు రెండూ పెట్టుకునేవాళ్లున్నారు. మన భాషల్లో చాలావాటికి కలిపి తయారైన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఒక ధ్వనికి ఒకే చోటు. ఇంగ్లీషు కే ఉన్న కీ మీద తెలుగులో కకారం, ఒడియాలోనూ కకారమే. పీ కీ మీద రెంటిలోనూ జకారం. రెండు భాషలు రాసే చేతికి ఇది గొప్ప సౌకర్యం. కానీ పాజ్ కోసం ‘పీ అనే అక్షరం వచ్చిందా’ అని చూసే ఆట ఇక్కడ దెబ్బతింటుంది. ఆట ముగిశాక పిల్లవాడు స్కోరు పక్కన తన పేరు తెలుగులో టైపు చేసి మళ్లీ ఆడటం మొదలుపెడతాడు. కీబోర్డు తెలుగులోనే ఉండిపోయింది. పీ నొక్కితే వచ్చేది జ. మొదటి ఆటలో పనిచేసిన పాజ్ రెండో ఆటలో పనిచేయదు, ఎందుకో ఎంత వెతికినా తెలియదు. బ్రౌజర్ ఆటల్లో దీనికి విరుగుడు ఉంది. వచ్చిన అక్షరం పేరు ‘కీ’లో ఉంటుంది, కీబోర్డు మీది చోటు పేరు ‘కోడ్’లో ఉంటుంది. ఆటలకు ఎప్పుడూ చోటునే చూడాలి. షిఫ్ట్, ఎంటర్ లాంటివి ఏ భాషలో ఉన్నా అవే కనుక వాటికి ఈ బెడదే లేదు.

ఆల్ట్, షిఫ్ట్ జంటను మాత్రం దూరంగా ఉంచాలి. విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపితే చాలా కంప్యూటర్లలో భాషే మారిపోతుంది. మూడు భాషలున్న కంప్యూటర్‌లో ఆ జంటకు పాజ్ పెడితే ఆపిన ప్రతిసారీ కీబోర్డు ఇంగ్లీషు నుంచి ఒడియాకో తెలుగుకో వెళ్లిపోతుంటుంది. కంట్రోల్, పీ బ్రౌజర్‌లో ప్రింట్ కిటికీ తెరుస్తుంది. ఒక్క షిఫ్ట్‌నే వరసగా 5 సార్లు నొక్కితే విండోస్ స్టిక్కీ కీస్ (కీలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా కలిపి నొక్కినట్టు లెక్కించే ఏర్పాటు) కావాలా అని అడుగుతుంది, కాబట్టి షిఫ్ట్‌ను ఒంటరిగా ఏ పనికీ పెట్టకూడదు.

షిఫ్ట్‌కు ఇంకో మేలు గుణం ఉంది. దానికదే ఏ పనీ చేయదు. స్పేసు, ఎంటర్ కలిపితే పాజ్ అని పెడితే, స్పేసు ముందు పడిన క్షణంలోనే కూత వినిపించేస్తుంది. అది కూతో, పాజ్‌లో సగమో తేల్చుకోవడానికి ఆట కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆగి చూడాలి. అప్పుడు కూత ఎప్పుడూ ఆలస్యంగా వస్తున్నట్టే ఉంటుంది. ఆటలో ఇదివరకే పని ఉన్న కీని పాజ్‌లో కలపకపోవడమే మేలు.

పైన చెప్పిన గళ్ల తీగల వల్ల మరో ఇబ్బంది. మూడు కీలు ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో పడితే, నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టే చిప్‌కు కనిపిస్తుంది. ఆ మోసం తెలిసిన చవక కీబోర్డులు మూడో కీనే పట్టించుకోవడం మానేస్తాయి. అక్క కుడి బాణం, తమ్ముడు స్పేసు నొక్కి ఉంచారు. ఇప్పుడు ఎంటర్ పడితే అది మూడో మామూలు కీ. కొన్ని కీబోర్డుల్లో అందుతుంది, కొన్నింటిలో అందదు. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్‌లకు సాధారణంగా విడిగా తీగలు ఉంటాయి కాబట్టి అవి దాదాపు ఎప్పుడూ అందుతాయి. యూఎస్‌బీ కబురులోనూ వాటికి విడిగా గౌరవం ఉంది. మామూలు కీబోర్డు పంపే 8 బైట్లలో మొదటి బైటు అచ్చంగా షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ కీలకే, కుడి ఎడమలు కలిపి 8. రెండో బైటు ఖాళీ. మిగతా కీలన్నీ కలిసి మిగిలిన 6 బైట్లు పంచుకోవాలి. ఆట తయారయ్యాక ఇంట్లోని కీబోర్డు మీదే కాకుండా బడిలోనో కంప్యూటర్ సెంటర్‌లోనో ఉన్న మరో రెండు మూడింటి మీద, బాణాలు నొక్కి ఉంచి పాజ్ చేసి చూడటం మంచిది.

రెండు కీలతో ఆపడం కొత్త సంగతేమీ కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డు మీద పాజ్ కీ లేదు. కంట్రోల్, నమ్‌లాక్ కలిపి నొక్కితే కంప్యూటర్ పని ఆగేది. తర్వాత వచ్చిన 101 కీల కీబోర్డులో పాజ్‌కు విడిగా ఒక కీ ఇచ్చారు గానీ, అది పంపే సంకేతాల్లో పాత కంట్రోల్, నమ్‌లాక్ సంకేతాలనే దాచిపెట్టారు. ఆ పద్ధతిలో పాజ్ కీకి పైకి లేచిన వార్త అనేదే లేదు. నొక్కగానే నొక్కినట్టు, లేచినట్టు రెండూ ఒక్క గుక్కలో పంపేస్తుంది. నొక్కి ఉంచడమనే పరిస్థితి దానికి తెలియదు, జరిగిన పని ఒక్కటే తెలుసు. అదే ఐబీఎంలో డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టడానికి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడింటి కలయికను ఎంచుకున్నది కూడా పొరపాటున ఒక్క చేత్తో తగలకూడదనే. అక్కాతమ్ముళ్ల ఆటకు రెండు కీలు పెట్టడానికి కారణమూ అదే.

కీలు సరిగ్గా పట్టుకున్నాక కూడా పాజ్ పూర్తికాదు. రైలు ఎంత దూరం వెళ్లాలో చాలా ఆటలు గడియారం చూసి లెక్కేస్తాయి: కిందటి చుట్టు నుంచి ఎంత సమయం గడిచింది, దాన్ని వేగంతో గుణించు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైలును ఆపి పిల్లవాడు 10 నిమిషాల్లో అన్నం తినివచ్చాడు. పాజ్ తీసిన మొదటి చుట్టులో గడిచిన సమయం 10 నిమిషాలు. రైలు ఒక్క గెంతులో 6.6 కిలోమీటర్లు పైగా ముందుకు పోతుంది, మధ్యలో గేటు తీసి ఉన్నా, స్టేషను ఉన్నా. అందుకని ఆట కదిలే క్షణంలో కిందటి గడియారం విలువను ఇప్పటి సమయానికి మార్చాలి, లేదా ఆగి ఉన్నప్పుడు కూడా గడియారం చదువుతూ ఆ సమయాన్ని పారేస్తుండాలి.

ఆగి ఉన్నప్పుడు ఆగకూడనిది కీబోర్డును వినడం. పాజ్ అంటే చుట్టునే ఆపేయడమని రాసేవాళ్లున్నారు. అప్పుడు రెండోసారి షిఫ్ట్, ఎంటర్ నొక్కినా వినే దిక్కు ఉండదు, ఆట మళ్లీ కదలదు. చుట్టు తిరుగుతూనే ఉండాలి, కీల జాబితా మారుతూనే ఉండాలి, రైలు, గేట్లు, స్కోరు మాత్రమే కదలకూడదు. కుడి బాణం నొక్కి ఉండగా పాజ్ చేసి, ఆగి ఉన్నప్పుడు బాణం వదిలేస్తే ఆ సంగతి కూడా జాబితాలోకి చేరాలి. లేకపోతే ఆట కదలగానే ఎవరూ నొక్కని బాణంతో రైలు వేగం అందుకుంటుంది. కూత సంగతీ అంతే. పాజ్ పడగానే కూత ఆపాలి. ఆట మళ్లీ కదిలినప్పుడు స్పేసు ఇంకా నొక్కి ఉందేమో చూసి, ఉంటేనే మళ్లీ వినిపించాలి.